హాలోవీన్ రాత్రి అందరి చేతా పాడించడం ఎలా: దెయ్యాల థీమ్‌తో సామూహిక గాన సాయంత్రానికి పూర్తి గైడ్

అక్టోబర్ వచ్చిందంటే చాలు, వేషాలకీ గుమ్మడికాయ దీపాలకీ ఎక్కడ చూసినా బోలెడు ఐడియాలు. నలభై మందిని ఒక గదిలో కూర్చోబెట్టి పాడించడం ఎలాగో అడిగితే మాత్రం ఓ పాటల లిస్టు చేతిలో పెట్టి ఊరుకుంటారు. లిస్టు ఎవరైనా రాసుకోవచ్చు. "నాకు పాడటం రాదండీ, మీరు పాడండి నేను వింటాను" అనే మనిషి చేత నోరు తెరిపించడం దగ్గరే అసలు తిప్పలన్నీ. ఆ విషయంలో దెయ్యాల థీమ్ మనకి బాగా కలిసొస్తుంది. గొంతు వణికినా, కీచుమన్నా, బొంగురుపోయినా ఆ రోజు అడిగేవాళ్ళు ఉండరు, దెయ్యం గొంతు అలాగే ఉంటుంది మరి. పైగా వెలుతురు తక్కువ కాబట్టి పక్కవాళ్ళు మన మొహం చూస్తారన్న టెన్షన్ ఉండదు. కాబట్టి కింద చెప్పేదంతా ఒకే కొలతతో చూడండి: చివరి వరసలో చేతులు కట్టుకుని కూర్చున్న మనిషి పాడాలి. అలంకరణ గానీ లైట్లు గానీ అందుకు పనికొస్తే ఉంచుకోండి, అడ్డమొస్తే మొహమాటం లేకుండా తీసేయండి.

1. ముందే తేల్చుకోవాల్సినవి

తేదీ: హాలోవీన్ అక్టోబర్ 31 అయినా సరిగ్గా ఆ రోజే పెట్టాలని పట్టుబట్టకండి, ఆ రాత్రి పిల్లలున్నవాళ్ళకి వేరే హడావిడి ఉంటుంది. అంతకుముందు వారాంతం మేలు. చీకటి పడ్డాకే మొదలుపెట్టండి, కిటికీల్లోంచి ఎండ పడుతుంటే దెయ్యాలూ రావు, మూడ్ కూడా రాదు.

నిడివి: మధ్యలో బ్రేక్ లేకపోతే 75 నిమిషాలు, 15 నిమిషాల బ్రేక్ ఇస్తే గంటా నలభై. అంతకు మించి అలవాటు లేని గొంతులు తట్టుకోవు. పాటకి ముందు రెండు మాటలు, పల్లవి నేర్పడం, నవ్వులు అన్నీ కలుపుకుంటే ఒక్కో పాటకి ఐదారు నిమిషాలు పడుతుంది. అంటే 75 నిమిషాల్లో పది పాటలు హాయిగా పడతాయి. పద్దెనిమిది పాటలు పెట్టుకుంటే పరుగులు పెట్టాల్సిందే.

భయం మోతాదు: ఇది నిర్వాహకులంతా కూర్చుని ఒక మాట అనుకోవాల్సిన విషయం. ఒకరికి సరదా అనిపించేది ఇంకొకరికి పీడకల. ఈ మధ్యే ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్నవాళ్ళు కూడా వస్తారు, శవపేటికల మీద జోకులు వాళ్ళకి నవ్వు తెప్పించవు. నా లెక్కలో చంద్రుడు, గుడ్లగూబ, ఈదురుగాలి, పాతబడ్డ బంగళా, నాట్యమాడే అస్థిపంజరం, ఇవి చాలు. రక్తం, హత్యలు, ఆత్మహత్యలు వద్దు. ఏం ఉంటుందో ఏం ఉండదో ఆహ్వానంలోనే రాసేయండి. ఇలా రాస్తే సరిపోతుంది:

"పాడటం రాకపోయినా రండి. ఎవరినీ ఒంటరిగా పాడమని అడగం. మాటలన్నీ తెర మీద కనిపిస్తాయి. కాస్త చీకటి, కాస్త వణుకు, బోలెడంత నవ్వు. రక్తం బొమ్మలు, ఉన్నట్టుండి కేకలు ఉండవు. వేషం వేసుకుంటే సంతోషం, వేసుకోకపోయినా సంతోషమే."

ఇందులో రెండో వాక్యం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకండి. ఇంట్లో ఆగిపోయే సగం మంది ఆ భయంతోనే ఆగిపోతారు.

2. మనుషులు

ఐదుగురు కావాలి: పాడించేవాళ్ళు ఒకరు, వాద్యం వాయించేవాళ్ళు ఒకరు, తెర మీద మాటలు మార్చేవాళ్ళు ఒకరు, లైట్లు చూసుకునేవాళ్ళు ఒకరు, తలుపు దగ్గర నవ్వుతూ నిలబడేవాళ్ళు ఒకరు.

పాడించే మనిషిని ఎంచుకోవడంలోనే చాలామంది బోల్తా పడతారు. గుంపులో అందరికంటే బాగా పాడేవాళ్ళకి ఆ పని అప్పజెప్తారు, వాళ్ళు సంగతులు వేసుకుంటూ గమకాలు తిప్పుకుంటూ పాడుతుంటే జనం చేతులు కట్టుకుని వింటారు, చివర్లో చప్పట్లు కొడతారు. కచేరీగా బాగానే ఉంటుంది, కానీ మనం పెట్టింది కచేరీ కాదు కదా. శ్రుతి తప్పకుండా, లయ జారకుండా, సాదాగా పాడుతూ జనం మొహాల్లోకి చూసి నవ్వగలిగే మనిషి కావాలి. బాగా పాడేవాళ్ళని ఏం చేయాలంటారా? నలుగురైదుగురిని ఎంచి జనం మధ్యలో అక్కడక్కడా కూర్చోబెట్టండి, ముందు వరసలో ఒకే చోట వద్దు. పక్కన ఓ ధైర్యమైన గొంతు వినిపిస్తే బెరుకు గొంతు దాని చాటున బయటికొస్తుంది.

3. పాటల ఎంపిక

ఏ పాట తీసుకున్నా మూడు పరీక్షలు పెట్టండి. పల్లవి రెండుసార్లు వింటే నోటికి వస్తుందా? పాదాలు చిన్నవేనా, ఊపిరి తీసుకోవడానికి చోటుందా? అందరి గొంతుకీ అందే ఎత్తులో ఉందా? ఈ మూడూ దాటాకే థీమ్ గురించి ఆలోచించండి. దెయ్యం అనే మాట పాటలో ఉండి తీరాలని లేదు. రాత్రి, వాన, అడవి, నల్లపిల్లి, సాలెపురుగు, తలుపు కిర్రుమనడం, ఎవరూ రాని దారి, ఏదైనా సరే. పాత జోలపాటలు కొన్ని తిరగేయండి, "పడుకోకపోతే బూచాడొస్తాడు" తరహా బెదిరింపులు ప్రపంచంలో చాలా భాషల జోలపాటల్లో దొరుకుతాయి, చీకట్లో పెద్దవాళ్ళంతా కలిసి పాడితే భలే వింతగా ఉంటుంది.

పది పాటల్లో ఆరు అందరికీ తెలిసినవి, రెండు సగం తెలిసినవి, రెండు కొత్తవి. కొత్తవి రెండు దాటితే క్లాసులో కూర్చున్నట్టు ఉంటుంది.

ఎత్తు సంగతి: రికార్డుల్లో వినే పాటలు సాధన ఉన్న గొంతులకి తగ్గట్టు ఉంటాయి. మామూలు జనానికి కీబోర్డ్ మీద మధ్య సి కి దిగువన ఉన్న ఎ నుంచి, మధ్య సి తర్వాత పైన వచ్చే సి పక్కనున్న డి వరకు సుఖంగా ఉంటుంది. ఆడవాళ్ళూ పిల్లలూ అక్కడ పాడతారు, మగవాళ్ళు అదే పాటని ఒక స్థాయి (స నుంచి పై స వరకు ఉండే దూరం) కిందికి దించుకుంటారు. పాటలో అన్నిటికంటే పైనున్న స్వరం ఆ డి దాటుతుంటే పాట మొత్తాన్ని రెండు మూడు అరమెట్లు దించేయండి (కీబోర్డ్ మీద నల్లవీ తెల్లవీ కలిపి లెక్కేస్తే పక్కపక్క మీటల మధ్య దూరమే అరమెట్టు). ఒక చిన్న పరీక్ష: గొంతు సవరించుకోకుండా, కుర్చీలో జారగిలబడి ఆ పై స్వరం పాడి చూడండి. మెడ నరాలు బిగుసుకున్నాయంటే ఇంకా దించాలి.

4. మామూలు పాటని దెయ్యం పాటగా మార్చడం

నాకు ఈ సాయంత్రంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, డబ్బులు ఖర్చయ్యేది కూడా ఏమీ లేదు.

మొదటి ఉపాయం, గాంధారాన్ని, అంటే స రి గ లోని 'గ' ని, దించడం. అందరికీ తెలిసిన ఓ పిల్లల పాటో, పుట్టినరోజు పాటో తీసుకోండి. అవి మామూలుగా మేజర్ స్కేల్లో ఉంటాయి, అంటే వాటిలో పైనుండే 'గ', అంతర గాంధారం, పలుకుతుంది. దాన్ని అరమెట్టు దించి సాధారణ గాంధారం చేయండి, ధైవతాన్ని ('ద' ని) కూడా అలాగే దించండి, వేగం సగానికి తగ్గించండి. అదే పాట ఎవరో పాడుబడ్డ ఇంట్లోంచి పిలుస్తున్నట్టు వినిపిస్తుంది. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళు ఉంటే వాళ్ళకి "కీరవాణి రాగం స్వరాల్లో వాయించండి" అంటే చాలు, పాశ్చాత్యులు హార్మోనిక్ మైనర్ అనేది అదే. కింద మైనర్ అన్నప్పుడల్లా ఇలా దించిన వరసే అనుకోండి. జనానికి ఇదంతా వివరించక్కర్లేదు. ముందు ఒకసారి మామూలుగా పాడించి, లైట్లు తగ్గించి, "ఇప్పుడు ఇదే పాట, కానీ పాడేది మనం కాదు" అని వాద్యం మొదలుపెట్టండి. పాటలో మాటలు తెలుసు కాబట్టి అందరూ పాడతారు, వరస మారింది కాబట్టి నవ్వుతారు, ఆ నవ్వుతోనే బెరుకు పోతుంది.

రెండోది, ప్రతి మధ్యమం, అంటే రెండు రకాల 'మ' లో పైది. షడ్జమం ('స') పట్టుకుని దాని మీద ప్రతి మధ్యమం మోగించండి, రెండింటి మధ్య ఆరు అరమెట్లు, అంటే స్థాయికి సరిగ్గా సగం. చెవికి అక్కడ కుదురు ఉండదు, ఎటైనా కదిలితే బాగుండు అనిపిస్తుంది. ఐరోపా సంగీత గ్రంథాల్లో 18వ శతాబ్దం నాటికే దీనికి సంగీతంలో సైతాను అని పేరుంది. చర్చి దీన్ని నిషేధించిందని నెట్‌లో తిరిగే కథకి మాత్రం ఆధారాల్లేవు, మైకు ముందు చెప్పకండి. పాటకి పాటకి మధ్య కీబోర్డ్‌లో ఆర్గన్ శబ్దం పెట్టి ఈ రెండు స్వరాలూ కలిపి నొక్కితే చాలు.

మూడోది, నాలుగు స్వరాల గొణుగుడు. గ రి గ స, సాధారణ గాంధారంతో, నెమ్మదిగా. 13వ శతాబ్దం నాటి లాటిన్ శోకగీతం 'డీస్ ఈరే' ఇలాగే మొదలవుతుంది, తర్వాతి శతాబ్దాల్లో ఎంతోమంది స్వరకర్తలు, ఆ పైన సినిమా సంగీత దర్శకులు చావుని సూచించడానికి ఈ నాలుగు స్వరాలే వాడుకుంటూ వచ్చారు. సగం మంది నోరు మూసుకుని "మ్‌..." అని ఇది గొణుగుతుంటే మిగతా సగం మంది మైనర్‌లో ఉన్న పల్లవి పాడతారు. "నాకు రాదు" అన్నవాళ్ళందరినీ గొణిగే గుంపులో వేయండి. వాళ్ళు పాడుతున్నామని కూడా అనుకోరు, కానీ గది మొత్తం వాళ్ళ వల్లే వణుకుతుంది.

నాలుగోది, ఒకరి తర్వాత ఒకరు అందుకోవడం. మైనర్ వరసలో ఉన్న చిన్న పాట తీసుకుని గదిని రెండు గుంపులు చేయండి, మొదటి గుంపు ఒక పాదం అయ్యాక రెండో గుంపు మొదటి నుంచి ఎత్తుకుంటుంది. అందుకు రాసిన పాటలే తీసుకోవాలి, ఏ పాట పడితే ఆ పాట కలవదు. విడగొట్టే ముందు అందరూ కలిసి కనీసం మూడుసార్లు పాడాలి. ఎలా ఆపాలో ముందే చెప్పండి, లేకపోతే తెల్లారేదాకా తిరుగుతూనే ఉంటుంది.

5. తుఫాను

పాటలు మొదలవకముందు రెండు నిమిషాల ఆట. మాటలు లేవు, స్వరాలు లేవు, తప్పు పోవడానికి అవకాశమే లేదు. లైట్లు తగ్గించి, పాడించే మనిషి ఎడమ వైపు వాళ్ళని చూస్తూ అరచేతులు రుద్దడం మొదలుపెడతారు, చూపు తమ వైపు తిరిగినవాళ్ళే అందుకుంటారు, అలా చూపు నెమ్మదిగా కుడివైపు చివరిదాకా వెళ్ళాలి. అది గాలి. మళ్ళీ ఎడమ నుంచి చిటికెలు, అవి తొలి చినుకులు. ఇంకో చుట్టు తొడల మీద తట్టడం, కుండపోత. తర్వాత కాళ్ళు నేలకేసి కొట్టడం, ఉరుములు. చూపు తమ దగ్గరికి వచ్చేదాకా ఎవరూ పాత పని ఆపకూడదు, అదొక్కటే రూలు. అప్పుడే వాన గదిలో ఒక వైపు నుంచి ఇంకో వైపుకి నడిచినట్టు వినిపిస్తుంది. తర్వాత అదే వరసలో వెనక్కి రండి: తొడలు, చిటికెలు, అరచేతులు. అరచేతుల చప్పుడు ఇంకా వినిపిస్తుండగానే వాద్యం మీద షడ్జమం అందుకుని అందరి చేతా "మ్‌..." అనిపించి, దాని మీదే మొదటి పాట ఎత్తుకోండి. ఆగకూడదు. ఆగితే "ఇప్పుడు పాడాలి" అన్న స్పృహ వచ్చేస్తుంది.

దీనికి ముందు గొంతు సవరించుకోవడం కూడా థీమ్‌లోనే కానివ్వచ్చు: పెద్దగా ఆవలింత, కింది నుంచి పైకీ మళ్ళీ కిందికీ జారే "ఊ..." అనే గాలి కూత, కడుపు లోపలి నుంచి పొట్టిగా గుడ్లగూబ "హూ, హూ". మంత్రగత్తె నవ్వు ఒక్కసారి చాలు, పదిసార్లు నవ్విస్తే గొంతులు అక్కడే పోతాయి. గట్టిగా గుసగుసలాడించడం కూడా గొంతుకి శ్రమే. మంచినీళ్ళు అందుబాటులో ఉంచండి.

6. మాటలు కనబడటం

తెర మేలు, కాగితం తర్వాత. కాగితం ఇస్తే తలలు వంగిపోతాయి, పాట ఒళ్ళోకే పోతుంది. నల్లటి తెర మీద లేత రంగు అక్షరాలు, ఒక్కో స్లైడ్‌కి నాలుగు పాదాలు, అంతే. పల్లవి వచ్చిన ప్రతిసారీ పూర్తిగా రాయండి, "పల్లవి మళ్ళీ" అని రాస్తే జనం తడుముకుంటారు. రక్తం కారే అక్షరాలు టైటిల్ స్లైడ్ వరకే. వేరే భాష పాటైతే అక్కడున్న ఎక్కువమంది చదవగలిగే లిపిలో రాయండి. స్లైడ్ మార్చే మనిషి పాట తెలిసిన మనిషై ఉండాలి, చివరి పాదంలో చివరి మాట పాడుతుండగానే తర్వాతి స్లైడ్ రావాలి. పాదం అయిపోయాక మారిస్తే అందరూ అరక్షణం వెనకబడతారు. తెర కుదరకపోతే కాగితం మీద అక్షరం సైజు 18 కి తగ్గనివ్వకండి, చీకట్లో చదవాలి కదా.

7. గది, లైట్లు, సౌండ్

కుర్చీలు వస్తారనుకున్నవాళ్ళ కంటే పది తక్కువ వేయండి. మిగతావి గోడ వారగా పేర్చి ఉంచి, మనుషులు వచ్చేకొద్దీ వేసుకుంటూ పోండి. ఖాళీ కుర్చీలు చూస్తే ఎవరికీ పాడబుద్ధి కాదు. అర్ధచంద్రాకారంలో, దగ్గర దగ్గరగా వేయండి. మందపాటి కర్టెన్లు, కార్పెట్లు గొంతుని మింగేస్తాయి. ఆరుబయట అయితే ఇంకా కష్టం, కనీసం జనం వెనకో పక్కనో ఒక గోడ ఉండేలా చూసుకోండి.

పాడించే మనిషి మొహం మీద ఎదుటి నుంచి వెలుతురు పడాలి. గడ్డం కింద టార్చ్ పెట్టుకోవడం ఒక్క పాటకి సరదా, రోజంతా అలాగే ఉంటే నోరు కదలడం కనిపించదు. మొత్తం చీకటి చేయాలనుకుంటే ఒకే ఒక్క పాటకి, అదీ ముందే చెప్పి, అందరికీ కంఠతా వచ్చిన పల్లవికి.

ఇక భద్రత విషయంలో రాజీ లేదు. వేలాడే వేషాలు వేసుకున్నవాళ్ళు తిరిగే చోట నిజం కొవ్వొత్తులు వద్దు, బ్యాటరీవి పెట్టండి. పొగ మెషీన్ ఫైర్ అలారం మోగించగలదు, ఆస్తమా ఉన్నవాళ్ళకి ఇబ్బంది, పైగా పాడటమంటేనే లోతుగా ఊపిరి పీల్చడం. డ్రై ఐస్ అసలే వద్దు: దాని ఉష్ణోగ్రత సుమారు మైనస్ 78 డిగ్రీలు, కరిగితే నీరవదు, నేరుగా కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, మూసిన గదిలో అది ప్రమాదం. సెకనుకి మూడుసార్లకి మించి మిణుకుమనే లైట్లు కొందరికి మూర్ఛ తెప్పించగలవు. మెట్లు, బయటికెళ్ళే దారి ఎప్పుడూ వెలుతురులోనే ఉండాలి. మొహమంతా కప్పే మాస్కులతో పాడలేరు, కళ్ళ వరకే ఉండే మాస్కులు, టోపీలు, మొహానికి రంగులు వేసుకోమని ముందే చెప్పండి.

మైకు పాడించేవాళ్ళకి ఒక్కటే. స్పీకర్లు మైకు కంటే ముందుండాలి, లేకపోతే కీచుమంటుంది, ఆ కీచు మన థీమ్‌లోది కాదు. వాద్యం శబ్దం జనం గొంతు కంటే తక్కువ ఉండాలి. కరోకే ట్రాకులు వద్దంటాను నేను. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు, జనం తడబడితే దాని దారిన అది పోతుంది. గిటారో కీబోర్డో వాయించే మనిషి ఉంటే నెమ్మదించవచ్చు, పల్లవి ఇంకోసారి తిప్పవచ్చు. వాద్యమే లేకపోతే ఫోన్లో తంబురా యాప్ పెట్టి స్పీకర్‌కి కలపండి, ఆధారం లేకుండా పాడే గుంపు పాట గడిచేకొద్దీ శ్రుతి దిగజారుతుంది.

8. పాడించేటప్పుడు

ముందు స్వరం ఇవ్వండి, అందరి చేతా "ఆ" అనిపించండి, తర్వాత పాట వేగంలోనే "మూడు, నాలుగు" అని చెప్పి, అందరికీ కనిపించేలా ఊపిరి పీల్చండి. ఆ ఊపిరే సిగ్నల్. పాటకి పాటకి మధ్య అరనిమిషం మించి మాట్లాడకండి.

"గట్టిగా! ఇంకా గట్టిగా!" అని అరవకండి. అలా అంటే పాడేవాళ్ళు అరుస్తారు, పాడనివాళ్ళు ఇంకా ముడుచుకుపోతారు. దానికి బదులు మూడో పల్లవి దగ్గర వాద్యం ఆపేసి, మీరు మైకు పక్కకి పెట్టేయండి. తమ గొంతులు తమకే వినిపించేసరికి జనం తమంతట తామే పెంచుతారు. మరీ పైన ఎత్తుకున్నారనిపిస్తే మొదటి పాదంలోనే ఆపి దించుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

వరస ఇలా ఉంటే బాగుంటుంది: తుఫాను, అందరికీ తెలిసిన హుషారు పాటలు రెండు, గాంధారం దించిన పిల్లల పాట, వంత పాడే పాట ఒకటి, కొత్త పాట, గుంపులుగా అందుకునే పాట, ఆ తర్వాత అన్నిటికంటే భయంకరమైనది. అది మొత్తం సమయంలో మూడింట రెండొంతుల దగ్గర రావాలి. పిల్లలున్నవాళ్ళు వెళ్ళిపోవాలనుకుంటే దానికి ముందే వెళ్ళిపోయేలా ఒక మాట చెప్పండి. అక్కడి నుంచి మెల్లగా వెలుతురు పెంచుతూ సరదా పాటలు, చివరిది ఎవరైనా కూనిరాగం తీసుకుంటూ ఇంటికి వెళ్ళగలిగేది. భయంతోనే ముగిస్తే పార్కింగ్ దాకా ఎవరూ మాట్లాడుకోరు.

9. అనుమతులు

కాపీరైట్ ఉన్న పాటని పదిమందిలో పాడించడానికి చాలా దేశాల్లో లైసెన్స్ కావాలి, ప్రవేశం ఉచితమైనంత మాత్రాన మినహాయింపు ఉంటుందనుకోవద్దు. చాలా హాళ్ళకి అది ముందే ఉంటుంది, బుక్ చేసేటప్పుడే అడగండి. మాటలు ప్రింట్ చేయడం, తెర మీద వేయడం, వీడియో తీసి నెట్‌లో పెట్టడం, వీటికి మళ్ళీ వేరే అనుమతులు కావాల్సి రావచ్చు. రచయిత చనిపోయాక హక్కు ఎన్నేళ్ళుంటుందో దేశాన్ని బట్టి మారుతుంది, భారతదేశంలో 60 ఏళ్ళు, ఐరోపా యూనియన్‌లో 70. పాత జానపదాలతో ఈ గొడవ తక్కువ, కాకపోతే కొత్తగా ఎవరైనా కట్టిన బాణీకి హక్కులు ఉండొచ్చు.

10. ఎప్పుడు ఏం చేయాలి

ఆరు వారాల ముందు హాలు, మనుషులు, లైసెన్స్. నాలుగు వారాల ముందు పాటలు, ఒక్కో పాట శ్రుతి, ఆహ్వానం. రెండు వారాల ముందు స్లైడ్లు తయారు, వాద్యంతో ఒక రిహార్సల్, జనంలో కూర్చునే గొంతులకి కొత్త పాటలు నేర్పడం. ముందు రోజు అదే గదిలో, అదే చీకట్లో, చివరి కుర్చీలోంచి తెర చదవగలుగుతున్నారో లేదో చూడండి. ఆ రోజు గంటన్నర ముందు చేరుకోండి, తలుపులు తెరిచే అరగంట ముందే సౌండ్ చెక్ అయిపోవాలి.

అయిపోయిన రెండు రోజుల్లోపు నిర్వాహకులంతా ఒకసారి ఫోన్లో కలిసి, పాట పేరు పక్కన ఏ శ్రుతిలో పాడారు, ఎన్ని నిమిషాలు పట్టింది, జనం ఎక్కడ ఆగిపోయారు, ఏది మళ్ళీ పాడమన్నారు అని రాసిపెట్టుకోండి. మళ్ళీ ఎప్పుడు పెట్టుకున్నా ఆ కాగితం ఉంటే పాటల ఎంపిక సగం అయిపోయినట్టే.